భుజం మీద నక్షత్రం, చేతిలో సుద్దముక్క

మామూలు కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళకి ఉండేది ఒకటే నిచ్చెన. అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్. ఆ నిచ్చెన ఎక్కడంలో ఆడవాళ్ళకి ఎన్ని అడ్డంకులో మనకి తెలియనిది కాదు. మనలో చాలామందిమి ఆ మెట్ల మీదే ఎక్కడో ఒకచోట ఏళ్ళ తరబడి ఆగిపోయినవాళ్ళం. సైనిక అకాడమీలో మాత్రం నిచ్చెనలు రెండు. ఒకటి చదువుది, రెండోది భుజానిది. భుజం మీద ఎన్ని నక్షత్రాలున్నాయి, వాటి పైన అశోక సింహాలున్నాయా లేదా అన్నదాన్ని బట్టి, మనిషి నోరు విప్పకముందే అతని మాటకెంత విలువివ్వాలో అక్కడ తేలిపోతుంది.

నేను 1995 నుంచి 2021 వరకు ఒక సైనిక శిక్షణ సంస్థలో ఇంగ్లీషు చెప్పాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. మా స్టాఫ్‌రూంలో సగంమంది ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ నుంచి పోస్టింగ్ మీద వచ్చిన యూనిఫాం టీచర్లు. రెండు మూడేళ్ళుండి బదిలీ మీద వెళ్ళిపోయేవారు. మిగతా సగం మాలాంటి సివిలియన్లం. మేం కదిలేవాళ్ళం కాదు. సిలబస్ ఒకటే, పరీక్ష పేపర్లు ఒకటే, దిద్దాల్సిన కట్టలూ ఒకటే. క్లాసులోకి అడుగు పెట్టగానే క్లాస్ సీనియర్ లేచి అందరినీ నిటారుగా నిలబెట్టి, ఎంతమంది వచ్చారో లెక్క చెప్పి, కూర్చోవడానికి అనుమతి అడుగుతాడు. యూనిఫాం ఉన్నవాళ్ళకి సెల్యూట్, నాకు "గుడ్ మార్నింగ్ మేడం". సెల్యూట్ లేదని నేనెప్పుడూ బాధపడలేదు. నా బాధంతా ఫైళ్ళ దగ్గర.

ఆ రెండు నిచ్చెనల లెక్క కొంచెం చెప్పాలి. సైన్యంలో కింది మెట్లు కాలం ఎక్కిస్తుంది. 2004 డిసెంబరులో వచ్చిన మార్పుల తర్వాత, కమిషన్ అందుకున్న రెండేళ్ళకి కెప్టెన్, ఆరేళ్ళకి మేజర్, పదమూడేళ్ళకి లెఫ్టినెంట్ కల్నల్. ఆ పైన కల్నల్ కావాలంటే సెలెక్షన్ బోర్డు దాటాలి, లేదా 26 ఏళ్ళ సర్వీసు నిండేదాకా ఆగాలి. యూనివర్సిటీ అధ్యాపకులకి యూజీసీ వారి కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకం ఉంది. పై పోస్టు ఖాళీ లేకపోయినా అర్హతలుంటే మనిషికి ప్రమోషన్ వస్తుంది. మా దగ్గర సివిలియన్లకి అదీ లేదు. పైన ఒకరు రిటైరైతేనే కింద ఒకరికి కదలిక. సెకండ్ లెఫ్టినెంట్‌గా నన్ను "మేడం, ఈ వ్యాసం ఎలా దిద్దాలి" అని అడిగిన కుర్రాడు లెఫ్టినెంట్ కల్నల్ అయి తిరిగొచ్చి నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టు మీద సంతకం పెట్టేనాటికి నేను చేరినప్పటి కుర్చీలోనే ఉన్నాను.

ఒకసారి మెస్‌లో విందు. అక్కడ కుర్చీలు కూడా ర్యాంకు వరసలోనే ఉంటాయి. నా పక్కన కూచున్న పెద్దావిడ, ఒక బ్రిగేడియర్ గారి భార్య, ఎంతో ఆప్యాయంగా "మీ వారు ఏ యూనిట్?" అని అడిగారు. "మా వారు బ్యాంకులో చేస్తారండీ. ఇక్కడ పనిచేసేది నేను" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఓహో, టీచరా" అన్నారు. నేను ఆవిడ్ని తప్పుపట్టను. ఆవిడా ఎమ్మే చదివిన మనిషే. ప్రతి బదిలీకీ ఇల్లు విప్పి, మళ్ళీ సర్ది, ఎక్కడా ఒక ఉద్యోగంలో నిలవలేకపోయానని ఆ రాత్రే నాతో చెప్పారు. ఆవిడ ర్యాంకు ఆయన భుజం మీదుంది. నాకు అక్కడ ఎవరి భుజమూ లేదు, కాబట్టి ర్యాంకూ లేదు. ఒకే బల్ల దగ్గర కూచున్న ఇద్దరం, మా చదువుతో సంబంధం లేకుండా కొలవబడ్డాం.

2004లో మా డిపార్ట్‌మెంటులో పై పోస్టు ఖాళీ అయింది. సీనియారిటీ లిస్టులో నా పేరే ముందుంది. కానీ అర్హత తేదీ నాటికి రెండు రిఫ్రెషర్ కోర్సులు పూర్తయి ఉండాలి. నావి పూర్తయింది ఒకటే. రెండోదానికి మొదటిసారి నా పేరు వచ్చినప్పుడు పాప ఏడు నెలలది. మూడు వారాలు హాస్టల్లో ఉండాలి, పిల్లల్ని తీసుకురాకూడదు. మళ్ళీ పేరు వచ్చేసరికి మా అత్తగారికి పక్షవాతం. ఆవిడని మంచం మీంచి లేపి కూచోబెట్టడానికి ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరని అందరూ తీర్మానించారు. నాకన్నా రెండేళ్ళు జూనియర్ అయిన సహోద్యోగికి ఆ పోస్టు వచ్చింది. ఆయన మంచి టీచరు, మంచి మనిషి. ఆయనకీ ఇద్దరు చిన్నపిల్లలు. ఆయన కోర్సుకి వెళ్ళినప్పుడు పిల్లలు ఎవరి దగ్గరున్నారని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు. ఆ తర్వాతి ఖాళీ 2012లో వచ్చింది. ఎనిమిదేళ్ళు.

నేను అర్జీ పెట్టుకున్నాను. జవాబు ఒకే ఒక్క వాక్యం. నిబంధనలు స్త్రీలకీ పురుషులకీ ఒకటే, సడలింపుకి వీల్లేదు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. అందుకే దానికి వెంటనే బదులు దొరకలేదు. నిబంధనలు ఒకటే అయినప్పుడు వివక్ష ఎక్కడున్నట్టు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. కొంత సమాధానం నాకు అనుకోని చోట దొరికింది.

ఎలిజబెత్ సామెట్ అని, అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో 1997 నుంచి ఇంగ్లీషు సాహిత్యం చెబుతున్న సివిలియన్ ప్రొఫెసర్. యుద్ధానికి వెళ్ళబోయే పిల్లలకి సాహిత్యం చెప్పడమంటే ఏమిటో ఆవిడ 2007లో 'సోల్జర్స్ హార్ట్' అనే పుస్తకం రాశారు. నా ఉద్యోగమే ఆవిడదీ అనిపించి చదివాను. చదివాక, అక్కడ పాఠం చెప్పేవాళ్ళ ర్యాంకుల సంగతేమిటా అని ఆ దేశపు చట్టం తీసి చూశాను.

మన దగ్గర సర్క్యులర్లలో ఉండేది అక్కడ ఏకంగా చట్టంలోనే ఉంది. వెస్ట్ పాయింట్‌లో 'శాశ్వత ప్రొఫెసర్లు' అని ఒక వర్గం. వాళ్ళు సైనికాధికారులు. సెనేట్ సమ్మతితో అధ్యక్షుడు నియమిస్తాడు. శాఖాధిపతి అయినా, శాశ్వత ప్రొఫెసర్‌గా ఆరేళ్ళు దాటినా కల్నల్ ర్యాంకు. మిగతావాళ్ళకి లెఫ్టినెంట్ కల్నల్. 64 ఏళ్ళ దాకా ఉద్యోగంలో ఉండొచ్చు. దీర్ఘకాలం విశిష్టంగా పనిచేశారనుకుంటే రిటైరయ్యే రోజున బ్రిగేడియర్ జనరల్ హోదా కూడా ఇవ్వొచ్చు. అకడమిక్ డీన్ పదవి శాఖాధిపతులుగా చేసిన ఈ శాశ్వత ప్రొఫెసర్లలోంచే రావాలి. డీన్ అంటే బ్రిగేడియర్ జనరల్. సివిలియన్ ప్రొఫెసర్లని వేరే నిబంధన కింద తీసుకుంటారు. వాళ్ళ పాండిత్యం ఎంతదైనా ఈ మెట్ల వరస వాళ్ళది కాదు. అన్ని అకాడమీలూ ఇలాగే ఉండాలనేం లేదు. అనాపొలిస్‌లోని నేవల్ అకాడమీలో టీచర్లలో దాదాపు సగంమంది సివిలియన్లు, వాళ్ళకి టెన్యూర్ కూడా ఉంది. అంటే ఇది యుద్ధవిద్య అడిగే నియమం కాదు, మనుషులు పెట్టుకున్నదే.

ఆ మెట్ల వరసలో 'పురుషుడు' అన్న షరతు ఎక్కడా లేదు. ఉన్నవల్లా ఏళ్ళూ, పదవులూ. కానీ వెస్ట్ పాయింట్ తలుపులు ఆడపిల్లలకి తెరిచే చట్టం మీద అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టింది 1975 అక్టోబరులో. 1976లో 119 మంది చేరారు. 1980లో పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది 62 మంది. వాళ్ళ తర్వాత రెండేళ్ళకి, 1982లో, పట్టా తీసుకున్న సిండీ జెబ్ 2016లో డీన్ అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. 1976 నుంచి 2016కి నలభై ఏళ్ళు. ఈ నలభై ఏళ్ళలో ఎవరో ఒక దుర్మార్గుడు అడ్డం కూచున్నాడని అనక్కర్లేదు. కేడెట్ అధికారి కావాలి, అధికారి ప్రొఫెసర్ కావాలి, ప్రొఫెసర్ శాఖాధిపతి కావాలి. ప్రతి మెట్టూ కొన్ని ఏళ్ళు అడుగుతుంది. మొదటి మెట్టే ఆలస్యంగా వేసిన వాళ్ళకి చివరి మెట్టు ఒక తరం దూరంలో ఉంటుంది. నిబంధన ఏళ్ళని లెక్కపెడుతుంది. ఆ ఏళ్ళు కొందరికి ఎందుకు లేవని మాత్రం అడగదు.

ఈ కళ్ళతో చూస్తే మన దేశం లెక్క కూడా స్పష్టంగా కనిపించింది. వైద్య, నర్సింగ్ విభాగాలు కాక మిగతా సైన్యంలోకి స్త్రీలని 1992లో తీసుకున్నారు. ఎడ్యుకేషన్ కోర్ కూడా అందులో ఉంది. ముందు అయిదేళ్ళకని, తర్వాత పదేళ్ళకని, ఆ తర్వాత పద్నాలుగేళ్ళకని పొడిగిస్తూ వచ్చారు. పెన్షన్ రావాలంటే ఇరవై ఏళ్ళుండాలి. మా స్టాఫ్‌రూంలో నా పక్క బల్ల ఒక ఎడ్యుకేషన్ కోర్ మేజర్‌ది. నాకన్నా చాలా చిన్నది, "దీదీ" అని పిలిచేది. సైనిక చరిత్ర ఆమె చెబితే పిల్లలు గంట కొట్టినా లేచేవారు కాదు. పదేళ్ళు నిండాక ఒక ట్రంకు పెట్టె, రెండు మెడల్స్ పట్టుకుని వెళ్ళిపోయింది. పెన్షన్ లేదు. నాకు భుజం మీద నక్షత్రం లేదు గానీ ఉద్యోగం ఉంది. ఆమెకి నక్షత్రం ఉంది గానీ రేపు లేదు. ఇద్దరం కలిస్తే ఒక మగ టీచరుకి మామూలుగా దొరికేదంతా ఉంటుందని తను నవ్వుతూ అనేది.

2008లో ఎడ్యుకేషన్ కోర్‌లోనూ న్యాయ విభాగంలోనూ మాత్రం స్త్రీలకి పర్మనెంట్ కమిషన్ ఇస్తామన్నారు. అదీ ఆ తర్వాత చేరేవాళ్ళకి. ముందు టీచర్లకే ఎందుకు? పాఠం చెప్పడం ఆడవాళ్ళకి తగిన పనే అని సమాజం ఏనాడో ఒప్పుకుంది కదా! ఒప్పుకోనిది ఆజ్ఞాపించడాన్ని. గ్రామాల నుంచి వచ్చిన జవాన్లు ఆడ కమాండర్ని అంగీకరించడానికి మానసికంగా సిద్ధంగా లేరని ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించింది. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో కోర్టు ఆ వాదనని తోసిపుచ్చి, స్త్రీలున్న అన్ని విభాగాల్లోనూ పర్మనెంట్ కమిషన్ ఇవ్వమంది.

నా అర్జీకి వచ్చిన జవాబుకి అసలు బదులు 2021 మార్చి 25న వచ్చింది. లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసు. పర్మనెంట్ కమిషన్ కోసం నలభై దాటిన స్త్రీలకి సైన్యం పెట్టిన వైద్య పరీక్ష, మగవాళ్ళు అయిదో ఏటో పదో ఏటో ఎదుర్కొన్నదే. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు కూడా ఆ తొలి ఏళ్ళవరకే చూశారు, తర్వాత తెచ్చుకున్న పతకాలూ ప్రశంసలూ పక్కన పెట్టారు. ఆ రిపోర్టులైనా, ఎలాగూ వీళ్ళు ఉండేవాళ్ళు కాదులే అన్న లెక్కలో రాసినవి. ఇవన్నీ పైకి అందరికీ ఒకటే అయిన నిబంధనలు. వీటిని కోర్టు పరోక్ష వివక్ష అంది. 2004 నుంచి నా దగ్గర పేరు లేకుండా ఉన్నదానికి ఆ రోజు పేరు దొరికింది. నేను రిటైరైన ఏడాది అది.

2023 జనవరిలో కల్నల్ ర్యాంకు కోసం స్త్రీలకి ప్రత్యేక సెలెక్షన్ బోర్డు పెట్టారు. 108 ఖాళీలకి 244 మందిని పరిశీలించారు. సంతోషమే. కానీ ఏనాడో ఉత్తీ చేతులతో వెళ్ళిపోయిన నా పక్క బల్ల మేజర్ ఆ 244లో లేదు. వెళ్ళిపోయినవాళ్ళని ఏ బోర్డూ పిలవదు.

ఇదంతా చూస్తూ సైన్యం స్త్రీలకి గమ్యమా, యుద్ధయంత్రంలో భాగం కావడం స్త్రీవాదమా అని అడిగే మిత్రులున్నారు. ఆ ప్రశ్న నాదీ. 26 ఏళ్ళు యుద్ధ కవిత్వం చెప్పినదాన్ని, యుద్ధమంటే నాకు మోజు లేదు. కానీ తుపాకీ పట్టేవాడికి భాషా సాహిత్యాలు ఎవరు చెబుతున్నారు, చెప్పేవాళ్ళ మాటకి ఆ గోడల మధ్య ఎంత విలువ ఉంది అన్నది యుద్ధాన్ని ఇష్టపడనివాళ్ళు మరింత పట్టించుకోవాల్సిన విషయం.

ఇంకో లెక్క మిగిలింది. సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం వల్ల ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో 2022లో 19 మంది అమ్మాయిలు చేరారు. 2025 మే 30న 17 మంది మగ కేడెట్లతో కలిసి కవాతు చేసి బయటికొచ్చారు. వాళ్ళలో ఆర్మీకి వెళ్ళే అమ్మాయి 2026లో కమిషన్ అందుకుందనుకుంటే, కాలం ఎక్కించే మెట్ల మీదుగా లెఫ్టినెంట్ కల్నల్ అయ్యేసరికి 2039. ఆ తర్వాత సెలెక్షన్ బోర్డు. ఈ పదమూడేళ్ళలో ఆమె పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, ఇంట్లో ఒక పెద్దావిడ మంచాన పడొచ్చు. అవి జరిగిన ఏళ్ళలోనే కోర్సులకి పేరు వస్తుంది, రిపోర్టులు రాస్తారు. 2039లో బోర్డు ముందుకొచ్చేది ఆ కాగితాలే. వాటిని ఇప్పటినుంచే ఎవరో ఒకరు చదువుతూ ఉండాలి.