స్థిరరాశి, గురువు, లఘువు

వ్యాకరణంలో అవ్యయమని ఒక శబ్దజాతి ఉంది. లింగం మారినా, వచనం మారినా, విభక్తి మారినా తాను మారనిది అవ్యయం. తక్కిన పదాలన్నీ సందర్భాన్ని బట్టి వేషం మార్చుకుంటుంటే, ఇది మాత్రం నిఘంటువులో ఎలా ఉందో వాక్యంలోనూ అలాగే నిలుస్తుంది. ఏళ్ళ తరబడి తరగతి గదిలో ఈ మాట చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, ఈ వయసులో పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంటుండగా అవ్యయం మళ్ళీ ఎదురైంది. అక్కడ దానిని కాన్‌స్టెంట్ అంటారు. మన గణిత పాఠ్యపుస్తకాలు స్థిరరాశి అంటాయి.

తెలుగు పండితుడికి ఈ విద్య ఎందుకని మిత్రులు అడగవచ్చు. కారణం ఒక నోటుపుస్తకం. మా ఛందోగురువుగారు వృత్తలక్షణాలను తమ చేతితో రాసుకున్న పుస్తకమది. వారు పోయిన తరువాత వారి కుమారులు దానిని నాకు ఇచ్చారు. ఒక్కొక్క పుటలో వృత్తం పేరు, గణాలు, యతిస్థానం, చివర వృత్తసంఖ్య. చాలా పుటలను చెదలు తినివేశాయి. ఒక పుటలో పేరు లేదు, గణాలు లేవు. “అక్షరాలు 18, సంఖ్య 93019” అన్న ఒక్క పంక్తి మిగిలింది. ఆ పుట ఏ వృత్తానిదో ఊహించి రాయడానికి నాకు మనసు ఒప్పలేదు. గురువుగారి పుస్తకంలో శిష్యుడి ఊహ చేరరాదు. నిరూపణ కావాలి.

పదకొండో తరగతిలో కంప్యూటర్ సైన్సు చదువుతున్న మా మనవరాలు ఈ సంగతి విని, “తాతయ్యా, ఇది పైథాన్‌లో పది పంక్తుల పని” అంది. గీడో వాన్ రోసమ్ 1991లో లోకానికి అందించిన ఆ భాషలో, 2008లో వచ్చిన మూడవ రూపం మొదలుకొని, పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చునని కూడా చెప్పింది. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం చిక్కింది. మొదటి రోజు నేను రాసినవి రెండే పంక్తులు.

గురువు = 2
లఘువు = 1

గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. ఇవి నా స్థిరరాశులు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు. వాటిలో గురువులు 8, లఘువులు 12. చంపకమాలలో అక్షరాలు 21. గురువులు 7, లఘువులు 14. కనుక ఇలా అడిగాను.

8 * గురువు + 12 * లఘువు
7 * గురువు + 14 * లఘువు

రెంటికీ 28 అన్న జవాబే వచ్చింది. ఉత్పలమాలలో మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుందని మనమందరం చదువుకున్నదే. ఆ సంబంధాన్ని అంకెల్లో చూడడం వేరొక ఆనందం. శార్దూలానికీ మత్తేభానికీ అదే బంధుత్వం. 11 గురువులు, 8 లఘువులు ఒకదానికి, పదేసి రెండవదానికి. రెండూ 30 మాత్రలే.

ఇక ఈ నక్షత్రపు గుర్తు, కూడిక గుర్తు మొదలైనవాటిని ఆపరేటర్లంటారు. నేను ప్రక్రియా చిహ్నాలనుకుంటాను. నక్షత్రం గుణకారం. జంట నక్షత్రం ఘాతం. శాతం గుర్తు ఇక్కడ శాతాన్ని కాక, భాగించగా మిగిలిన శేషాన్ని చెబుతుంది. జంట ఏటవాలు గీత శేషాన్ని విడిచి, భాగఫలాన్ని మాత్రం పూర్ణసంఖ్యగా ఇస్తుంది. ఒంటి గీత అయితే దశాంశంతో వస్తుంది.

పండితుణ్ణి ఎక్కువగా ఆకర్షించినవి సమానపు గుర్తులు. ఒంటి గుర్తు విధ్యర్థకం: “గురువు రెండు అగుగాక”. జంట గుర్తు ప్రశ్నార్థకం: “గురువు రెండు అగునా?” మొదటిది ఆజ్ఞ, దానిని యంత్రం శిరసావహిస్తుంది. రెండవదానికి అవునని గాని కాదని గాని బదులిస్తుంది. వాచకంలో ఒక కాకుస్వరంతో తేలిపోయే భేదాన్ని ఇక్కడ ఒక గుర్తు మోస్తున్నది.

ప్రక్రియలకు బలాబలాలు కూడా ఉన్నాయి. ఒక శబ్దంలో రెండు సూత్రాలు ఒకేసారి ప్రవర్తించబోతే ఏది నెగ్గాలో పాణినీయం ముందుగానే నిర్ణయించింది. ఇక్కడా అంతే. ముందు ఘాతం, తరువాత గుణకార భాగహారాలు, ఆ పిమ్మట కూడిక తీసివేతలు. ఈ వరుసను దాటాలంటే కుండలీకరణాలు వేయాలి. పైన రాసిన మొదటి లెక్కలోనే “గురువు + 12”ను కుండలీకరణాల్లో ఉంచితే 28 పోయి 112 వస్తుంది. సమాసంలో విగ్రహవాక్యం మారితే అర్థం మారినట్లే.

గురువుగారి పుట దగ్గరకు రావడానికి ముందు ఒక చిక్కు విప్పుకోవలసి వచ్చింది. ఛందశ్శాస్త్రంలో ఉద్దిష్టమని ఒక పద్ధతి ఉంది. వృత్తం తెలిస్తే ప్రస్తారంలో అది ఎన్నవదో చెప్పేది అది. మొదటి అక్షరం కింద 1, రెండవదాని కింద 2, మూడవదాని కింద 4, ఇలా రెట్టింపు చేస్తూ పోయి, లఘువుల కింది అంకెలు మాత్రం కూడి, ఒకటి కలపాలి. ఉత్పలమాలకు అలా కూడితే 3,55,798. ఒకటి కలిపితే 3,55,799. ఇరవై అక్షరాల ఛందస్సులో ఉన్న వృత్తాలు 2 ** 20, అంటే 10,48,576. వాటిలో మన ఉత్పలమాల స్థానమది.

ఈ లెక్కలో లఘువు విలువ 1, గురువు విలువ సున్న. మాత్రల లెక్కలోనేమో గురువు 2. ఒకే పేరుకు రెండు విలువలు! కవికి ఇది శ్లేష. యంత్రానికి శ్లేష తెలియదు. పైన రెండని చెప్పి కింద సున్న అంటే, చివర చెప్పినదానినే పట్టుకుని మారు మాట్లాడక లెక్క కొనసాగిస్తుంది. పైథాన్‌లో స్థిరరాశిని మార్చవద్దని అడ్డుపడే కావలివాడు లేడు. పేరును ఆంగ్లంలో పెద్దక్షరాలతో రాస్తే, “దీనిని మార్చకండి” అని చదివేవారికి విన్నపం. అది మర్యాదే గాని శాసనం కాదు. మన లిపిలో పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు గనుక ఆ మర్యాదకూ దారి లేదు. అందుచేత సమాసాన్ని ఆశ్రయించాను.

మాత్ర_గురువు = 2
మాత్ర_లఘువు = 1
ప్రస్తార_గురువు = 0
ప్రస్తార_లఘువు = 1

పూర్వపదం విశేషణమై ఏ గురువో తేల్చివేసింది. సందేహం తీరింది. యూనికోడు ప్రియులకు ఒక మాట: పొల్లును విడిగా నిలపడానికి మనం చేర్చే కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంది కదా, దానిని పైథాన్ పేర్లలో అనుమతించదు. పేర్లకు అది లేని శబ్దాలనే ఎంచుకోండి.

ఉద్దిష్టానికి విలోమం నష్టం. సంఖ్య తెలిస్తే పోయిన వృత్తాన్ని రాబట్టేది. మా పుటకు కావలసింది అదే. పేరు కూడా ఎంత సరిపోయిందో చూడండి. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. సరి బేసి తేల్చడానికి శేషపు గుర్తు చాలు: సంఖ్య % 2. సగం చేయడానికి రెండు సూత్రాలు అక్కరలేదు.

(సంఖ్య + 1) // 2

సరిసంఖ్యకు ఒకటి కలిపినందువల్ల వచ్చే అరను జంట గీత విడిచివేస్తుంది గనుక, రెండు సందర్భాలకూ ఈ ఒక్కటే సరిపోతుంది. సూత్రంలో అర్ధమాత్ర లాఘవం దొరికినా వైయాకరణులు పుత్రోత్సవంగా భావిస్తారని ప్రతీతి. ఇక్కడ ఏకంగా ఒక సూత్రమే తగ్గింది.

93019 బేసి, గురువు. 46510 సరి, లఘువు. 23255 బేసి, గురువు. రగణం పూర్తయింది. 11628, 5814 లఘువులు, 2907 గురువు. సగణం. అలా పద్దెనిమిది అడుగులు వేసి సంఖ్య 1 దగ్గర ఆగేసరికి తెరమీద ర, స, జ, జ, భ, ర గణాలు నిలిచాయి. మత్తకోకిల! 2,62,144 వృత్తాలలో ఒకే ఒక్కటి. గురువుగారు రాగయుక్తంగా చదివేటప్పుడు తొడమీద తాళం వేసేది ఈ వృత్తానికే. యంత్రం గణాలను మాత్రమే ఇచ్చింది. తాళం నా చెవిలో వినిపించింది.

ఆ పుటలో వారి సిరా అంకెలను తాకకుండా, అంచున పెన్సిలుతో పేరు రాశాను. వారు వేసిన అంకె స్థిరరాశి. దానిని మార్చకుండా కాపాడేది ఏ భాషలోనైనా రాసేవాడి మర్యాద ఒక్కటే.

బడి మానినా ఇంటిపని ఇచ్చే అలవాటు మానలేదు. 21 అక్షరాల ఛందస్సులో 7,11,600వ వృత్తమేదో కాగితం మీద తేల్చి చూడండి. దాని పేరు ఈ వ్యాసంలోనే ఉంది.