రెండు సుత్తులు

మా నాన్నగారు వదిలి వెళ్లిన 1964 నాటి అంబాసిడర్ కారును తూకానికి అమ్మేద్దామని మా అన్నయ్య పట్టుబట్టాడు. పన్నెండేళ్లుగా షెడ్డులో కదలక పడి ఉన్న బండి. "దాని విలువ సున్నారా" అన్నాడు. నేను కామర్స్ చదివినవాణ్ణి. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఎన్నేళ్లు తరుగుదల రాసినా విలువ తగ్గుతుందే గానీ సున్నా కాదని వాదించాను. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చిన సంగతీ చెప్పాను. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజూ తిప్పకూడదు గానీ ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకుపోవచ్చు. అన్నయ్య చివరికి ఒక్క షరతు పెట్టాడు. "స్టీరింగు మీద నమ్మకం కుదిరితేనే పిల్లల్ని ఎక్కించు."

షరతు న్యాయమైనదే. ఇంజను ఆగిపోతే బండి రోడ్డు పక్కన నిలబడుతుంది. స్టీరింగు ఊడిపోతే ఎక్కడ నిలబడుతుందో చెప్పలేం.

బండిని ఎత్తి చూస్తే రెండు వైపులా టై రాడ్ ఎండ్లు అరిగి ఉన్నాయి. చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఉండే కీలు ఇది. దాని పిన్ను ఒక వైపు లావుగా, మరో వైపు సన్నగా ఉంటుంది. స్టీరింగ్ ఆర్మ్‌కు ఉన్న బెజ్జం కూడా అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగించే కొద్దీ పిన్ను మేకులా లోపలికి దిగి కరచుకుంటుంది. అందుకే నట్టు పూర్తిగా తీసేసినా అది ఊడి రాదు. ఇన్నేళ్లు ప్రాణాలు కాపాడిన పట్టే విప్పేటప్పుడు మొండికేస్తుంది.

ఎడమ వైపుది ఒక వర్క్‌షాపులో పుల్లర్ పెట్టి తీశారు. కుడి వైపుది రాకపోయేసరికి పిన్ను కొసమీద సుత్తితో బాదారు. మరలు చితికి, కొస పుట్టగొడుగులా విప్పారింది తప్ప పిన్ను కదల్లేదు. "గ్యాసు మంట పెడితే అయిదు నిమిషాల పని" అన్నాడు అక్కడి కుర్రాడు. నాకు మనసొప్పక, మా పేటలోని ఒక పెద్దాయనను బతిమాలి ఇంటికి పిలుచుకొచ్చాను.

మా కోయంబత్తూరులో లేతు షెడ్డుల్లోనూ ఫౌండ్రీల్లోనూ తెలుగు వినబడటం వింత కాదు. ఈయనా మనవాడే. తెలుగు చదవడం రాదు, మాట్లాడటం మాత్రం మానలేదు. వెంట వచ్చిన మనవడు తాత తెలుగులో అడిగిన దానికల్లా తమిళంలోనే జవాబు చెబుతున్నాడు.

మంట మాట ఎత్తగానే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఎర్రగా కాలిస్తే ఊడొస్తుంది సామీ. ఆర్మ్‌కున్న పదును కూడా దాంతోనే పోతుంది. పైకి ఏమీ కనబడదు. ఏదో ఒకనాడు మలుపులో తెలుస్తుంది." ఆ మాటతో నా వెన్ను జలదరించింది.

ఆయన ముందు చితికిన మరలను ఆకురాయితో సాపు చేశాడు. నట్టును మళ్లీ నాలుగు చుట్లు ఎక్కించి వదిలాడు, పిన్ను ఊడినప్పుడు కడ్డీ కింద పడకుండా. పుల్లర్‌ను ఓ మోస్తరుగా బిగించాడు. ఆర్మ్ చెవికి ఒక పక్క బరువైన సమ్మెటను ఆనించి పట్టుకోమని మనవడికిచ్చి, ఎదుటి పక్క నుంచి తాను సుత్తితో కొట్టాడు.

"కొట్టాల్సింది పిన్నును కాదు, అది దూరిన చెవిని. రెండు సుత్తుల మధ్య చెవి రెప్పపాటు నలిగి మళ్లీ గుండ్రమవుతుంది. ఆ అదురుకే పట్టు వదిలేది."

అయిదారు దెబ్బలకు ఏమీ కాలేదు. పుల్లర్‌ను మరో పావు చుట్టు బిగించి మళ్లీ కొట్టాడు. 'టక్' మని ఒక్క చప్పుడు. నేను చూసేలోగా పిన్ను కిందికి జారి నట్టు మీద వేలాడుతోంది. ఆర్మ్‌ను శుభ్రంగా తుడిచి, ఎండలో తిప్పి తిప్పి చూశాడు. బీట లేదు, బెజ్జం సాగలేదు. అదే ఆర్మ్ పనికొస్తుందన్నాడు.

ఇక పాత కీలును కడ్డీ నుంచి మర తిప్పి తీయాలి. ఎన్ని చుట్లకు ఊడిందో కొత్తదీ అన్ని చుట్లే ఎక్కించాలి. లేకపోతే చక్రాల వరస తప్పుతుంది. తరవాత అలైన్‌మెంట్ ఎలాగూ చూపించాలి గానీ, అక్కడిదాకా బండి తిన్నగా పోవాలి కదా. పెద్దాయన తిప్పుతూ పైకి లెక్కపెట్టాడు, తెలుగులో. పదమూడున్నర. మనవణ్ణి గుర్తుంచుకోమన్నాడు.

కొత్తది ఎక్కించే పని మనవడికే అప్పగించాడు. ఆ కుర్రాడు బండి కింద పడుకుని తిప్పడం మొదలుపెట్టాడు. తాత చెప్పిన లెక్క ఎక్కడ తప్పుతుందో అన్నట్టు, ఒక్కొక్క చుట్టుకూ గొంతెత్తి అంటున్నాడు: "ఒకటి... రెండు... మూడు..."

పెద్దాయన కొత్త స్ప్లిట్ పిన్నును చేతిలో పట్టుకుని, పదమూడున్నర దాకా మాట్లాడకుండా విన్నాడు.