పోగొట్టుకున్న చోట

యానాం, పుదుచ్చేరి ఒకే కేంద్రపాలిత ప్రాంతం. మధ్య దూరం మాత్రం 800 కిలోమీటర్ల పైమాటే. కొడుకు ఉద్యోగరీత్యా ఆ దూరం దాటి మురుంగపాక్కం చేరిన ఒక వృద్ధురాలికి అసలైన దూరం ఇంట్లోనే ఎదురైంది. పన్నెండేళ్ళ మనుమడికి వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. నాయనమ్మతో తెలుగు ‘ఊఁ’, ‘ఊహూఁ’లతో సరి. తక్కిన పొద్దంతా ప్లేస్టేషన్ ముందే.

ఒక సాయంకాలం ఆమె వాడి పక్కన చేరి కూర్చున్నది. ఆట పేరు ఎల్డెన్ రింగ్. జపానులో రూపొంది 2022లో విడుదలైనది. కోటవాకిట కాపున్న మార్గిట్ చేతిలో వీరుడు పదేపదే మరణిస్తున్నాడు.

“చచ్చిపోయాడు గదరా! మళ్ళీ అక్కడికే ఎందుకు?”

వీరుడు కూడబెట్టిన రూన్లు అతడు పడిన చోటనే ఉండిపోతాయి. తిరిగి వెళ్ళి తెచ్చుకోవాలి. ఈలోగా మళ్ళీ మరణిస్తే అవి శాశ్వతంగా దక్కవు. ఇంత సంగతి చెప్పడానికి కుర్రవాడికి తెలుగు చాలలేదు. మాటమాటకూ తడుముకున్నాడు.

“పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటావు” అన్నది ఆమె.

వాడు తెల్లబోయి, ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఆ ఆట దర్శకుడు హిదెతాకా మియజాకి బాల్యంలో తన శక్తికి మించిన ఇంగ్లీషు పుస్తకాలు చదువుతూ, అర్థంకాని చోట్లను ఊహతో పూరించుకునేవాడు. తెరముందు ఆ వృద్ధురాలు చేసినదీ అదే. మిగిలినది మనుమడు రోజుకొక మాట వెతికి పూరించాడు.

మార్గిట్ కూలిననాడు ఇల్లు దద్దరిల్లేలా ఒక కేక వినవచ్చింది:

“నాయనమ్మా, గెలిచాం!”