పాడుచేసిన చేతులే బాగుచేయాలి



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఈ మూడు పేర్లు మన పెద్దల నోట తరచు వినబడేవి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ పట్టణాలు 2016 అక్టోబరు 11 నుండి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ నెల మీరు నాతో కూడ ఈ మూడు ఊళ్లు తిరిగి రండి. దారిలో ఒక ప్రశ్నను కూడా వెంట తీసుకువెళ్దాం: తప్పు చేసిన పిల్లవాడు ఆ తప్పును ఎలా దిద్దుకోవాలి?

మొదట గద్వాల. సోమనాద్రి కట్టించిన కోట, కోటలోపల చెన్నకేశవస్వామి గుడి, పక్కనే కళాశాల. అయితే ఈ ఊరిని దేశమంతా ఎరిగినది చీరవల్ల. నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ పోగు పోగునా కలిపి నేయడమే గద్వాల పనితనం. మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు ఏమి చేస్తాడో ఎప్పుడైనా చూశారా? తెగిన పోగును తీసి పారవేయడు, చూడనట్టు ముందుకు పోడు. మగ్గం ఆపి, తెగినచోటనే వంగి, రెండు కొసలు వెదకి ముడివేస్తాడు. ఆ తరువాతనే మళ్లీ నేత.

మన ఊళ్లలో పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఇలా జరుగుతుందా? ఒక కుర్రవాడు పక్కవాడి మోటారు వైరు కోసి అమ్ముకున్నాడనుకోండి. పెద్దమనుషులు కూర్చుంటారు, దండుగ వేస్తారు, తండ్రి అప్పుచేసి కడతాడు. కుర్రవాడు చెట్టు కింద నిలబడి ఉంటాడు. అతని చేతికి పని లేదు, నోటికి మాట లేదు. వైరు పోయి పంట ఎండిన రైతు ముఖం అతడు సరిగా చూడనైనా చూడడు. లేదా పోలీసు స్టేషనుకు పోతుంది. అప్పుడు ఆ పిల్లవానికి ఊరంతా ఒకే పేరు పెడుతుంది, ఆ పేరు పెళ్లినాటికి కూడా పోదు. పాలమూరు నుండి కూలికి వలసపోయే తల్లిదండ్రులు ఎందరో. అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలకు బుద్ధి చెప్పేవారు కరువైతే, పేరుపెట్టేవారికి మాత్రం కరువుండదు.

గద్వాల నుండి ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటితే పెబ్బేరు, అక్కడినుండి వనపర్తి. సంస్థానాధీశుల రాజభవనంలో నేడు పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు. రాజు కూర్చున్నచోట రైతుబిడ్డ పనిముట్టు పట్టడం నేర్చుకుంటున్నాడు. కట్టడం అదే, వాడుక మారింది. శిక్ష అనే పాత కట్టడానికి కూడా మన చట్టం ఇటువంటి మార్పే తలపెట్టింది.

2015లో చేసిన బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి జిల్లాకు ఒక బాలల న్యాయ మండలి ఉండాలి: ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘ సేవకులు, వారిలో ఒకరు స్త్రీ. తప్పు జరిగిందని తేలితే ఆ మండలి పిల్లవానికి బుద్ధి చెప్పి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగుకు పంపవచ్చు. 18వ సెక్షన్ ప్రకారం, ఒక సంస్థ లేదా ఒక వ్యక్తి పర్యవేక్షణలో సమాజ సేవ చేయమని కూడా ఆదేశించవచ్చు. పధ్నాలుగేళ్లు దాటినవారికే ఈ సేవ. పార్కు బాగుచేయడం, వృద్ధులకు సాయపడడం, ఆసుపత్రిలో చేయూతనివ్వడం వంటి పనులను నియమాలు పేర్కొన్నాయి. పిల్లవాని పేరు, ఊరు బయటపెట్టకూడదని కూడా చట్టం కట్టడి చేసింది.

పద్దెనిమిది దాటిన యువకుల కొరకు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మొదటిసారి చేసిన దొంగతనం, సొత్తు విలువ ఐదువేల రూపాయల లోపు, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చివేశాడు అంటే శిక్ష సమాజ సేవ. ముందు తిరిగి ఇవ్వడం, తరువాత సేవ. ఈ వరుసను గమనించండి. నిర్గమకాండము 22వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్తగా తోచదు.

అయితే సేవ అనే పేరుంటే చాలదు. 2024 మే నెలలో పూణేలో పదిహేడేళ్ల కుర్రవాడు నడిపిన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. మూడువందల మాటల వ్యాసం వ్రాయాలని, పదిహేను రోజులు ట్రాఫిక్ పోలీసులతో పనిచేయాలని షరతులు పెట్టి బెయిలు ఇచ్చినప్పుడు దేశమంతా మండిపడింది. ఎందుకు? ఆ షరతులలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల ఊసే లేదు. బాధపడినవాడు కనబడని సేవ వట్టి వెట్టి అవుతుంది, లేదా వట్టి తప్పించుకోవడం అవుతుంది.

వనపర్తి నుండి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు చేరుదాం. మెన్నోనైట్ బ్రెదరన్ మిషనరీలు తొలి దినాలలోనే కేంద్రం కట్టుకొన్న ఊరిది. డేనియల్ బెర్గ్‌తోల్డ్ గారు ఇక్కడ, ఫ్రాంక్ జాన్‌జెన్ గారు వనపర్తిలో సేవచేశారు. గద్వాల మొదట అమెరికన్ బాప్టిస్టుల క్షేత్రం, తరువాత వీరి చేతికి వచ్చింది. కీడుకు ప్రతికీడు చేయరాదన్నది మెన్నోనైట్లు పదహారవ శతాబ్దం నుండి పట్టుకొని వచ్చిన బోధ. ఆ బోధ మరొక ఖండంలో కోర్టు మెట్లు ఎక్కిన సంగతి మనలో చాలామంది విని ఉండరు.

కెనడాలో ఎల్మైరా అనే చిన్న ఊరు. 1974 మే నెలలో ఒక రాత్రి ఇద్దరు కుర్రవాళ్లు తాగి, ఇరవైరెండు చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. కార్ల టైర్లు కోశారు, కిటికీ అద్దాలు పగలగొట్టారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ అధికారి మెన్నోనైట్ విశ్వాసి. వీళ్లు నష్టపోయినవారి ఇళ్లకే వెళ్లి వారిని ముఖాముఖి కలుసుకుంటే మంచిదని ఆయన జడ్జి గోర్డన్ మెకానెల్‌కు సూచించాడు. మొదట సందేహించిన జడ్జి చివరకు సరే అన్నాడు. యాంట్జీ, ఆయన స్నేహితుడు డేవ్ వర్త్ వెంట వెళ్లారు గాని మాట్లాడలేదు. తలుపు తట్టినదీ, “మేమే చేశాము” అని ఒప్పుకొన్నదీ ఆ కుర్రవాళ్లే. ఎవరికెంత నష్టమో అడిగి తెలుసుకొని, కొన్ని నెలలలో సొమ్ము చెల్లించారు. బాధితుడు, నేరస్థుడు ఎదురెదురుగా కూర్చొనే పద్ధతి అక్కడ మొదలై అనేక దేశాలకు పాకింది. ఆ ఇద్దరిలో ఒకడైన రస్ కెల్లీ పెద్దయ్యాక తానే బయటకు వచ్చి, ఆ పద్ధతిని గూర్చి నలుగురికీ చెప్పాడు.

జైలుకు పోవడం కంటె ఆ గడప ఎక్కడం కష్టం. జైలులో ఎవరి కన్నీరూ చూడనక్కరలేదు. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన దినాన అతడు చేసిన తీర్మానం గుర్తుచేసుకోండి: అన్యాయంగా తీసుకొన్నది నాలుగంతలు తిరిగి ఇవ్వడం. ఇవ్వాలంటే ఆ ఇళ్లకు నడిచిపోవాలి గదా!

ఇక మన సంగతి. ఒక సంస్థగాని ఒక వ్యక్తిగాని ఆ పిల్లవానికి తోడుండాలని చట్టం అడుగుతోంది. మన ఊళ్లో సంఘం ఉంది, పెద్దలున్నారు, పని ఉంది. కూలిన ప్రహరీ ఉంది, ఒంటరి వృద్ధులున్నారు. జిల్లా బాలల సంరక్షణ అధికారిని కలిసి “మేము సిద్ధం” అని చెప్పడానికి మనకేమి అడ్డు? అయితే కొన్ని మాటలు ముందే అనుకోవాలి. ఆ పిల్లవాడు ఏ మతంవాడైనా సరే, అతణ్ణి సంఘంలో చేర్చుకోవడానికి ఇది దారి కారాదు. పాస్టరుగారి ఇంటి పని చేయించుకోవడం సమాజ సేవ కాదు. బడివేళ పని పెట్టరాదు. అతని తప్పు ప్రసంగంలో ఉదాహరణ కారాదు. నష్టపోయినవారు ఇష్టపడితేనే, మండలి అనుమతితోనే, పిల్లవాణ్ణి వారి ముందుకు తీసుకువెళ్లాలి. క్షమించమని వారిని బలవంతపెట్టే హక్కు మనకు లేదు.

ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో పౌలు చేసినది ఇదే. ఒనేసిమును దాచిపెట్టలేదు, ఒంటరిగా వదలనూ లేదు. నష్టమేదైనా ఉంటే తన లెక్కలో వ్రాసుకొమ్మని పూచీపడి, తిరిగి ఆ ఇంటికే పంపాడు. పూచీపడే ఒక్క మనిషి ఉంటే తెగిన పోగు తెగినచోటనే ముడిపడుతుంది. మీ సంఘంలో ఆ మనిషి ఎవరు? ఈ ఆదివారం ఆరాధన తరువాత పెద్దలు కూర్చొని మాట్లాడుకోండి.