మా నాన్న ట్రంకుపెట్టె, నా పాత ల్యాప్‌టాప్

ముసురు పట్టి రెండు రోజులుగా చేలోకి పోయే వీల్లేదు. ఎప్పటినుంచో రాయాలనుకుంటున్న సంగతి ఇవాళ కూర్చుని రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. ఇది మందుల గురించీ కాదు, మిర్చి రేటు గురించీ కాదు. కాగితాల గురించి.

ముందు నా తప్పు చెప్తా. కొన్నేళ్ళ కిందట రెండెకరాల మిరప తోటలో విత్తనం తేడా వచ్చింది. ఏపుగా పెరిగింది, పూత సరిగ్గా రాలేదు, వచ్చిన కాయ ఒక్కో చెట్టుకి ఒక్కో రకం. ఊళ్ళో మరో ముగ్గురిది అదే కథ. నలుగురం కలిసి అర్జీ పెట్టాం. ఒకరోజు పొద్దున్నే చూడ్డానికి వచ్చారు. తోటంతా తిరిగారు, పాపం బాగానే మాట్లాడారు. ఆఖర్న అడిగారు, "విత్తనం బిల్లు ఏది? ప్యాకెట్ మీద లాట్ నంబరు ఏది? నారు పోసినప్పటి ఫొటో ఏమైనా ఉందా?"

ఉన్నాయండీ. అన్నీ ఉన్నాయి. బిల్లు స్కాన్ చేయించా, ప్యాకెట్‌కి రెండు వైపులా ఫొటో తీశా, నారుమడి వీడియో కూడా ఉంది. కానీ ఎక్కడున్నాయి? ఫోన్లో మూడు వేల ఫొటోలు. పెళ్ళి ఫొటోల మధ్య, పొద్దున్నే వచ్చే పూల బొమ్మల మధ్య ఎక్కడని వెతకను? ఇంటికి పరిగెత్తి ల్యాప్‌టాప్ తెరిచా. దాంట్లో "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ 2", "కొత్తవి", "కొత్తవి అసలు". చెమటలు పట్టాయి. వాళ్ళు పావుగంట ఆగారు. ఇంకో ఊరు పోవాలన్నారు. నా పేరు ఎదురుగా "ఆధారాలు చూపలేదు" అని రాసుకుని వెళ్ళిపోయారు. మా పక్క చేను అన్న మాత్రం బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఒక్క నిమిషంలో అన్నీ చేతిలో పెట్టాడు. ఆయనకి ఎంతో కొంత వచ్చింది. నాకు రాలేదు. దీంట్లో ఎవరినీ అనడానికి లేదు.

ఆ రాత్రి మా ఇంటావిడ ఒక్కటే మాట అంది. "మామయ్య గారికి చదువు రాకపోయినా ఏ కాగితం అడిగినా చీకట్లో తీసిచ్చేవారు." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నిజమే. మా నాన్నకి సంతకం తప్ప అక్షరం రాదు. ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. పసుపు మరక ఉన్నది పొలం దస్తావేజు, ఎర్రదారం కట్టింది అప్పుపత్రం, నాలుగు మడతలు ఉన్నది శిస్తు రసీదు. ఆయన వాటిని చదివే ప్రయత్నమే చేయలేదు. తీసి కరణం గారి చేతిలో పెట్టేవాడు. 1984లో కరణాల పద్ధతి పోయాక బడిపంతులు గారి దగ్గరికి తీసుకెళ్ళేవాడు. కాగితం ఎక్కడుందో తెలియడం ఆయన వంతు, విప్పి చదవడం ఆ పని వచ్చినవాళ్ళ వంతు. నాకు ల్యాప్‌టాప్‌లో కావాల్సింది సరిగ్గా ఇదేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. వాడి పాత ల్యాప్‌టాపే నా దగ్గరున్నది. విండోస్ మోయలేకపోతుంటే లైనక్స్ వేసిచ్చాడు. రాసుకోడానికి ఈమ్యాక్స్ అనే ఎడిటర్ పెట్టాడు. ఉచితమే. కొత్తదేం కాదు, దాని మూలాలు 1976 నాటివి. ఇప్పుడు వాడే గ్నూ ఈమ్యాక్స్ 1985లో వచ్చింది. నా ఖర్చుల లెక్క, కూలీల లెక్క, మీరు చదివే ఈ పోస్టులు అన్నీ దాంట్లోనే రాస్తా. తెలుగు బాగానే పడుతుంది.

దాంట్లో బుక్‌మార్క్ అని ఒకటుంది. పుస్తకంలో నెమలీక పెట్టుకుంటామే, అట్లాంటిది. ఒక ఫైల్ తెరిచి కంట్రోల్ ఎక్స్ నొక్కి, తర్వాత ఆర్, ఎమ్ నొక్కితే పేరు అడుగుతుంది. "మిర్చి విత్తనం బిల్లు" అని ఇస్తాం. మళ్ళీ కావాలంటే కంట్రోల్ ఎక్స్, ఆర్, ఎల్. పెట్టిన గుర్తులన్నీ వరసగా వస్తాయి, కావాల్సిన దాని మీద ఎంటర్ కొట్టడమే. సంబరపడి వారం రోజులు కూర్చుని నలభై గుర్తులు పెట్టా. పట్టాదారు పాసుపుస్తకం, వన్‌ బీ, అడంగల్, ఈ-పంట రసీదు, బ్యాంకు కాగితాలు, కోల్డ్ స్టోరేజీ రసీదులు, అన్నీ.

అక్కడ మొదలైంది తంటా. రాసుకున్న లెక్క మీద ఎంటర్ కొడితే టక్కున వస్తుంది. పీడీఎఫ్ మీద కొడితే, ఈమ్యాక్స్ తానే దాన్ని పేజీ పేజీ బొమ్మగా మార్చి చూపించాలని చూస్తుంది. నా ముసలి ల్యాప్‌టాప్‌లో ఎడ్లబండి నయం. వీడియో మీద కొడితే ముందు "ఫైల్ చాలా పెద్దది, నిజంగా తెరవమంటావా" అని అడుగుతుంది. సరే అన్నానా, తెర నిండా పిచ్చి గీతలు, అంకెలు. నారుమడి వీడియో పాడైపోయిందని గుండె గుభేల్‌మంది.

మేనల్లుడికి ఫోన్ చేశా. వాడు నవ్వాడు. "పాడవలేదు మామయ్యా. అది రాతపని ఎడిటర్. వీడియోని కూడా అక్షరాలనుకుని చదువుతోంది. దాన్ని విప్పొద్దని చెప్పాలి, వీడియో ప్లేయర్‌కి అప్పగించమని చెప్పాలి" అన్నాడు. నాకు చప్పున నాన్న గుర్తొచ్చాడు. నా ఎడిటర్, కరణం గారిని పిలవకుండా దస్తావేజు తానే చదవబోయింది. అంతే జరిగింది.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. ఈమ్యాక్స్ పెట్టే ప్రతి గుర్తూ మామూలు అక్షరాల్లో రాసుకున్న చిన్న చీటీ. దాంట్లో పేరు, ఫైల్ ఉన్న చోటు, లోపల ఎక్కడ ఆగామో ఉంటాయి. అవసరమైతే ఇంకో గడి కూడా ఉంటుంది, "దీన్ని తెరిచేది ఎవరు" అని. దాన్ని హ్యాండ్లర్ అంటారు. ఆ గడి లేకపోతే ఈమ్యాక్స్ మామూలు ఫైల్ తెరిచినట్టే తెరుస్తుంది. అక్కడ మనం ఒక చిన్న ఆజ్ఞ పేరు రాస్తే ఫైల్‌ని దానికి ఇచ్చేసి తప్పుకుంటుంది. మావాడు నాలుగైదు వరసల ఆజ్ఞ రాసిచ్చాడు. అది చేసే పనల్లా ఫైల్ ఉన్న చోటుని ఎక్స్‌డీజీ-ఓపెన్ అనే దానికి చెప్పడమే. లైనక్స్‌లో ఆ ఎక్స్‌డీజీ-ఓపెన్ ఊరి పెద్దమనిషి లాంటిది. పీడీఎఫ్ అయితే పీడీఎఫ్ చూపించేదానికి, ఫొటో అయితే ఫొటోలదానికి, వీడియో అయితే ప్లేయర్‌కి పంపుతుంది. విండోస్‌లో ఈ పనికి స్టార్ట్ అనే ఆజ్ఞ, ఆపిల్ కంప్యూటర్లలో ఓపెన్ అనే ఆజ్ఞ ఉన్నాయి. మీ ఇంట్లో కంప్యూటర్ చదివిన పిల్లలుంటే "బుక్‌మార్క్ హ్యాండ్లర్‌లో బయటి ప్రోగ్రామ్ పెట్టు" అని చెప్పండి, వాళ్ళకి అర్థమవుతుంది.

ఇప్పుడు జాబితాలో వీడియో పేరు మీద ఎంటర్ కొడితే ప్లేయర్ తెరుచుకుని నారుమడి కళ్ళ ముందు ఆడుతుంది. ఎడిటర్ పక్కకి తప్పుకుని నిలబడుతుంది.

నేను తిన్న దెబ్బలు నాలుగు చెప్తా, మీరు తినకండి.

ఒకటి, కరెంటు. ఈమ్యాక్స్ గుర్తుల్ని మామూలుగా మూసేటప్పుడే డిస్క్ మీద రాస్తుంది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఒక సాయంత్రం ఇరవై గుర్తులు పెట్టాక కరెంటు పోయింది, ఇరవయ్యీ పోయాయి. బుక్‌మార్క్ సేవ్ ఫ్లాగ్ అని ఒక అమరిక ఉంది, దాన్ని ఒకటి అని పెడితే గుర్తు పెట్టిన ప్రతిసారీ రాసేస్తుంది. మొదటి రోజే పెట్టించుకోండి.

రెండు, జరపడం. గుర్తులో ఉండేది ఫైల్ కాదు, దాని చిరునామా. ఫైల్‌ని ఇంకో ఫోల్డర్‌లోకి మారిస్తే గుర్తు పాత ఇంటికే పోయి తలుపు కొడుతుంది. జాబితాలో ఆ పేరు మీద పెద్ద ఆర్ నొక్కితే కొత్త చోటు చెప్పొచ్చు. కానీ అసలు జరపకపోవడమే మేలు. ఏడాదికొక ఫోల్డర్, ఫైల్ పేరు ముందు సంవత్సరం, తర్వాత పంట, తర్వాత ఏం కాగితమో. "కొత్తవి అసలు" అనే పేరు జన్మలో పెట్టను.

మూడు, పేజీ. పీడీఎఫ్‌ని ఈమ్యాక్స్‌లోనే చూస్తే ఏ పేజీలో గుర్తు పెట్టామో ఆ పేజీకే పోతుంది. బయట తెరిస్తే ఆ సుఖం ఉండదు. అందుకని గుర్తు పేరులోనే రాసుకుంటా, "బ్యాంకు స్టేట్‌మెంట్, మూడో పేజీ" అని.

నాలుగు, వాట్సాప్. ప్యాకెట్ ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గించేస్తుంది, లాట్ నంబరు మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఈ మొత్తం ఫోల్డర్‌ని, గుర్తుల ఫైల్‌తో సహా, నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నా. గుర్తులుండి ఫైళ్ళు లేకపోతే తాళంచెవి మిగిలి ఇల్లు పోయినట్టు.

ఇదంతా ఎందుకంటారా? విత్తనం కేసుల్లో మనకి దారి లేదనుకోకండి. మన రైతుల కేసులోనే 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి పోవచ్చు అని చెప్పింది. ఫిర్యాదుకి మామూలుగా రెండేళ్ళ గడువు. దారి ఉంది. ఆ దారిలో అడుగడుగునా అడిగేది బిల్లు, లాట్ నంబరు, ఫొటో.

పోయిన ఏడాది పంట నమోదు జాబితా చూసుకుంటే నా మిరప బదులు పత్తి అని పడింది. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పోయా. అక్కడున్న అమ్మాయి "మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా అంకుల్" అంది. ఎంటర్ కొట్టా, రసీదు వచ్చింది. ఇంకోసారి కొట్టా, తోటలో నేను నిలబడ్డ ఫొటో వచ్చింది. ఆ అమ్మాయి చూసి సరిచేయడానికి రాసుకుంది. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే, "ఇప్పటికి మామయ్య గారి కొడుకనిపించుకున్నారు" అంది.

నాన్న ట్రంకుపెట్టె ఇంకా అటక మీదే ఉంది. అసలు కాగితాలు దాంట్లోనే ఉంచా, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నవి నకళ్ళే. ఒక్క మార్పు చేశా. గుర్తుల జాబితాని ప్రింటు తీయించి పెట్టె మూత లోపల అతికించా. నేను ఊళ్ళో లేనప్పుడు ఎవరైనా అడిగితే మా ఆవిడ వెతుక్కునే పని లేదు.

ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ఈమ్యాక్స్ కోసం అప్పు చేయక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఏ కాగితం ఎక్కడుందో వరసగా రాసిన ఒక్క పేజీ చాలు. మీ విత్తనం బిల్లు ఇప్పుడు ఎక్కడుందో, భోజనం చేసి పడుకునే లోపు ఒకసారి వెతికి చూడండి. ఎంతసేపు పట్టిందో మీకే తెలుస్తుంది.

ఉంటాను. వాన తెరిపిచ్చేట్టుంది, చేలో నీళ్ళు తియ్యాలి.