ఇంటికి వచ్చిన సవరము

మన పెండ్లిండ్లలో సవరము లేని పూలజడ అరుదు. మోకాళ్ల వరకు వ్రేలాడు ఆ జడలో సగము పెండ్లికూతురిది కాదని పందిటిలో అందరికిని తెలియును. అయినను ఎవ్వరును నవ్వరు, ఆమెయు సిగ్గుపడదు. అదే వెంట్రుకను జడకు గాక నడినెత్తిని, పాపిటమీద పెట్టుకొనవలసివచ్చినచో మాత్రము అత్తగారికి, ఆడుబిడ్డకు, తుదకు పనిమనిషికి సైతము తెలియరాని గుట్టగును. జడకు చేర్చినది సింగారము, పాపిటకు చేర్చినది లోపము! ఈ లెక్క ఎవరు కట్టిరో గాని, దానికి ఆరు సంవత్సరములు రొక్కము చెల్లించినదానను నేను.

నాకు 34వ యేట పాపిట వెడల్పగుట మొదలయ్యెను. కాన్పు తరువాతను, పెద్ద జ్వరము తరువాతను రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలుట కలదు. అది చాలవరకు మరల మొలచును. దినమునకు 50 మొదలు 100 వెంట్రుకల వరకు రాలుట ఎల్లవారికిని సహజమే. నాది ఆ తీరు కాదు. నుదుటి అంచు నిలిచియుండి, నడినెత్తి మాత్రము ఏటేట పలుచబడుచు వచ్చెను. స్త్రీలలో కలుగు ఈ పలుచదనమును లుడ్విగ్ అను వైద్యుడు 1977లో మూడు దశలుగా విభజించి చూపెను. నేను రెండవ దశలో నున్నానని మా చర్మవైద్యురాలు చెప్పెను. ఆమె థైరాయిడును, రక్తములోని ఇనుమును పరీక్ష చేయించి, మినాక్సిడిల్ అను మందు వ్రాసియిచ్చెను. అది ఉన్న జుట్టును కొంత నిలిపెను, పోయినదానిని తేలేకపోయెను. కృత్రిమకేశముల అంగడికి పోవుటకు ముందు ఎవరైనను వైద్యుని గడప త్రొక్కవలెననుట నా దృఢాభిప్రాయము. రక్తహీనతచేత జుట్టు రాలుచున్న సోదరికి కావలసినది వేల రూపాయల సవరము కాదు గదా.

పిమ్మట హైదరాబాదులో ఒక సెలూనువారి యొద్దకు పోతిని. వారు దానిని 'హెయిర్‌ప్యాచ్' అందురు. పలుచని జాలిపైనో, చర్మమువంటి పొరపైనో వెంట్రుకలు ముడివేసిన అరచేతియంత బిళ్ల అది. నడినెత్తిన మిగిలిన జుట్టును గొరిగి, అచ్చట దానిని జిగురుతోను, రెండువైపుల అంటుకొను టేపుతోను అతికించిరి. అద్దములో చూచుకొంటిని; పదియేండ్ల క్రిందటి నేను కనబడితిని. ఆనాటి సంతోషమును నేను తక్కువచేసి చెప్పను. మా చెల్లెలి కూతురి ఓణీల వేడుకలో ఛాయాచిత్రమునకు వెనుకవరుసలో దాగక ముందు నిలుచుంటిని.

తలవెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. గొరిగినచోట పెరిగిన జుట్టు బిళ్లను పైకెత్తును. చెమటకు, తలజిడ్డునకు టేపు వదులగును. కనుక మూడు వారములకొకసారి పోయి, విప్పించి, గొరిగించి, మరల అంటించుకొని రావలెను. ఒక్కొక్క పర్యాయమునకు 2,500 రూపాయలు. ఏడాదికి రెండు క్రొత్త బిళ్లలు; ఒక్కొక్కటి 40,000 రూపాయలు. ఇంటిలో పిల్లలకు పాఠములు చెప్పి నేను సంపాదించినదంతయు అచ్చటికే పోవుచుండెను. ధనముకంటె నన్ను బాధించినది వేరొకటి. జాలి ఏ రకము, కొలత యెంత, రంగు సంఖ్య యెంత అని అడిగినచో, "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అని చిరునవ్వు నవ్వెడివారు. పాతదానిని ఇంటికి తీసికొనిపోనిచ్చెడివారు కారు. నా తలమీదిదానిని గూర్చి నాకే తెలియకుండుట వారికి వ్యాపారము. నేను ఎవ్వరితోను చెప్పుకొనలేకుండుట ఆ వ్యాపారమునకు పెట్టనికోట.

2023 వేసవిలో నరసాపురమునందు మా అమ్మ మెట్లమీద జారిపడగా తుంటియెముక విరిగెను. శస్త్రచికిత్స అయినను, రెండు నెలలు ఆమెను ఒంటరిగా లేవనీయరాదని వైద్యులు చెప్పిరి. చెల్లెలు దూరదేశమున నున్నది, నేను పోతిని. మూడు వారములు గడచునప్పటికి గోదావరి ఉక్కకు టేపు ముందంచున లేవసాగెను. సెలూనువారికి ఫోను చేసి, టేపును, దానిని విప్పు ద్రవమును కొరియరులో పంపుడని బ్రతిమాలితిని. సామాను పంపుట తమ పద్ధతి కాదనియు, నేనే రావలెననియు చెప్పిరి. అమ్మ స్నానపుగదికి పోవుటకు నా భుజము కావలెను. నేను పోలేదు. తలకు గుడ్డ కట్టుకొంటిని.

మూడవనాడు అమ్మ అడిగెను. "తలకి ఆ గుడ్డేంటే?"

"ఎండకమ్మా."

"ఇంట్లో ఎండేంటే?"

గుడ్డ విప్పి, సగము లేచిన బిళ్లను నెమ్మదిగా ఊడదీసి, మంచము ప్రక్కను నేలమీద కూర్చుంటిని. అమ్మ చాలసేపు మాటాడలేదు. నా నెత్తిమీద చేయి వేసి, "నాయనమ్మ పోలిక" అనెను. పిమ్మట కళ్లజోడు తెమ్మని, ఆ బిళ్లను కిటికీ వెలుతురునకు త్రిప్పి పట్టుకొనెను. ఆమె నలుబది యేండ్లు లేసు అల్లినది. నరసాపురము చుట్టుప్రక్కల స్త్రీలు 19వ శతాబ్దమునుండి ఇంటి అరుగులమీద కూర్చుండి కొక్కెపుసూదితో అల్లుచున్నదే ఆ లేసు; అల్లువారు వేరు, దానిని దేశాంతరములకు పంపి లాభము తినువారు వేరు. "ఇది కొక్కెపుసూది పనేనే. ముందంచున ఒంటిముడి, వెనక రెండుముళ్లు. నేతి జాలి, లోపలికి మడిచి కుట్టారు. దీని ఖరీదెంత?" అనెను. చెప్పితిని. "అల్లినదానికి అందులో ఎంత ముట్టిందో" అనెను. నేను ఆరేండ్లుగా అడిగి తెలిసికొనలేని సంగతులు ఆమె అయిదు నిమిషములలో చెప్పెను.

ఆ రాత్రి ఆమె నిద్రించిన పిమ్మట ఫోనులో వెదకితిని. అట్టి బిళ్లలను చేయువారే నేరుగా ఆన్‌లైనులో అమ్ముచున్నారు. ఈ పనికి చైనాలోని షూచాంగ్, చింగ్‌దావ్ పట్టణములు పేరుపొందినవి. సన్నని కొక్కెపుసూదితో ఒక్కొక్క కన్నమున ఒకటి రెండు వెంట్రుకలను లాగి ముడివేయుదురు. చిన్న బిళ్లకు సైతము వేలకొలది ముళ్లు పట్టును. వెంట్రుకలలో చాలభాగము మన దేశమునుండి పోవునవే. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానమువారు పొడవునుబట్టి వేరుపరచి వేలము వేయుదురు. అన్నిటికంటె పొడవైనవి మొదటిరకము. 2011నుండి ఆ వేలము ఆన్‌లైనులోనే సాగుచున్నది. గొరిగిన జుట్టులో మొదళ్లన్నియు ఒకవైపు, కొనలన్నియు ఒకవైపు ఉండును గనుక వెంట్రుకపై పొలుసులు ఒకే దిక్కున నిలిచి చిక్కుపడదు. దువ్వెనకు వచ్చిన చిక్కుజుట్టును ఉండచుట్టి గోడసందున దాచి, వీధిలో వచ్చువానికిచ్చి స్టీలు గిన్నె తీసికొనుట మనమెల్లరము ఎరిగినదే. దానిలో మొదళ్లు కొనలు కలిసిపోవును. అందుచేత దానిని ఆమ్లములో నానబెట్టి పొలుసు తీసి, సిలికాను పూత పూయుదురు. నాలుగు తలంట్లకు ఆ నునుపు పోయి జుట్టు గడ్డివలె అగును. కొనునప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే.

ఎవరి మొక్కుబడి జుట్టో నా తలమీదికి వచ్చుట తగునా అని నాకు సంశయము కలిగెను. 2004లో ఇట్టి సంశయమే యూదులలో గొప్ప అలజడి రేపెను. హిందూ దేవాలయములందు సమర్పింపబడిన జుట్టు తమ ధర్మమునకు విరుద్ధమని ఒక పెద్ద మతగురువు చెప్పగా, వివాహితలు తాము ధరించు విగ్గులను వీధులలో తగులబెట్టిరి. అమ్మతో ఈ సంగతి చెప్పితిని. "దేవుడికిచ్చిందాన్ని దేవుడు అమ్ముకున్నాడు. నువ్వు కొనుక్కున్నావు. నడుమ నీకేం దోషం?" అనెను. నాకు అంతకంటె మంచి సమాధానము ఇంతవరకు దొరకలేదు.

కొలత తీయుట అమ్మ చేతిపని. నేను మంచము ప్రక్కను వీపు త్రిప్పి కూర్చుండగా, వంటింటిలో గిన్నెలపై చుట్టు పలుచని ప్లాస్టికు పొరను నా నెత్తిమీద బిగించి, దానిపై అడ్డముగను నిలువుగను పారదర్శకపు టేపు అంటించి గట్టి టోపీవలె చేసెను. పలుచనైనంతమేర పెన్నుతో గీత గీచి, ముందువైపున 'ము' అనియు, పాపిట వచ్చుచోట బాణపుగుర్తును వేసెను. అది తీసి గీతవెంట కత్తిరించిన నా తలకు అచ్చు సిద్ధమయ్యెను: నిలువు 7 అంగుళములు, అడ్డము 6. మెడవెనుకనుండి పెన్సిలంత మందము జుట్టు కత్తిరించి దారముతో కట్టి, అచ్చుతోపాటు పంపితిమి. వారి లెక్కలో 1 అనగా కాటుకనలుపు, 1బి అనగా కొంచెము మెత్తని నలుపు. మనలో చాలమందిది 1బి. ఈసారి గొరుగుట మానుదలచి, జిగురుతో అంటించునది గాక క్లిప్పులతో పెట్టుకొనునది కోరితిని. దానిని టాపర్ అందురు.

పది వారములకు పార్సెలు వచ్చెను. సుంకముతో కలిపి 17,000 రూపాయలు. అంతలో గొరిగినచోట జుట్టు క్లిప్పు పట్టునంత పెరిగియుండెను. అయితే ఆ క్రొత్తది పెట్టుకొని చూడగా తలపై కిరీటమువలె ఉబ్బి నిలిచెను. అమ్మువారు తమంతట తామే 130 శాతము ఒత్తు వేసి పంపిరి. దూరమునుండియే ఇది నాది కాదని చాటునది ఈ ఒత్తే. మా వీధిలోని బ్యూటీపార్లరు ఆమె పలుచచేయు కత్తెరతో గంటసేపు శ్రమపడి దానిని దారికి తెచ్చెను. 600 రూపాయలు పుచ్చుకొనెను. ఈ కత్తిరింపు మాత్రము ఇంటిలో మనకు సాధ్యము కాదు. చేతులు వణకువారికి, తల వెనుకకు చేయి పోనివారికి, గట్టిగా అంటియుండవలసినవారికి సెలూనే మేలని చెప్పుటకు నాకు సంకోచము లేదు. నేను కాదనునది సెలూనును కాదు, తెలిసికొననీయకుండుటను.

ఆన్‌లైనులో కొనువారు కొన్ని సంగతులు ఎరిగియుండవలెను. క్రొత్త బిళ్లకు ముందంచున విడిచిన జాలిని కత్తిరించితిమా, ఇక ఎవ్వరును వాపసు తీసికొనరు. కనుక వెలుతురులో చూచి, పెట్టి, సరిపోయినదని తృప్తిపడువరకు కత్తెర తాకరాదు. 2020లో వచ్చిన నియమములనుబట్టి మన దేశములో ఆన్‌లైనున అమ్మువారు తమ పేరు, చిరునామా, వాపసు పద్ధతి, ఫిర్యాదులు వినువారి వివరము చూపవలెను. అవి లేనిచోట కొనకుండుట మంచిది. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 అను ఫోను సంఖ్య కలదు. జిగురు వాడువారు తొలుత మోచేతి మడతలో చుక్క పూసి రెండు దినములు చూడవలెను. దురదగాని ఎఱ్ఱదనముగాని వచ్చిన అది తలకు పనికిరాదు. జిగురు విప్పు స్పిరిటు పొయ్యియొద్దను దీపముయొద్దను తీయనేరాదు, భగ్గున మండును. తలపై పుండ్లున్నవారును, కాన్సరు చికిత్సలో నున్నవారును వైద్యుని అడుగక ఏదియు అంటించుకొనరాదు.

క్లిప్పులును నిరపాయములు కావు. నిత్యము ఒకేచోట లాగినచో అచ్చటి జుట్టు కుదుళ్లతో పోవును. నేను రాత్రి తీసివేయుదును. క్లిప్పుల చోటు మార్చుచుందును. అంటించినదానితో ఆరేండ్లు తలకు కొబ్బరినూనె ఎరుగను, నూనెకు టేపు నిలువదు గనుక. ఇప్పుడు ఆదివారము ఉదయము టాపరును బీరువాలో పెట్టి, కుదుళ్లకు నూనె పట్టించుకొని, కుంకుడుకాయతో తలంటుకొనుచున్నాను. మల్లెపూలు టాపరుకు గ్రుచ్చను. వెనుక నా స్వంత జుట్టులో ముడుచుకొందును. మాల బరువునకు టాపరు వెనుకకు జరిగి పాపిట వంకరపోవును.

అత్తగారికి చెప్పుట మాత్రము పార్సెలుకంటె బరువైనది. ఒక ఆదివారము తలంటుకొని, టాపరు లేకయే వంటింటిలోనికి పోతిని. ఆమె కూర తరుగుచు తలయెత్తి చూచి, మరల తలవంచెను. వంకాయలన్నియు తరుగుట ముగించి, "నా సవరం ఇంకా పెట్టెలో ఉంది. చిక్కుపడిపోయింది. నీకు దువ్వడం వచ్చుగా?" అనెను. దానిని కొననుండి పైకి దువ్వుటకు ఒక సాయంకాలము పట్టెను.

రెండవ టాపరుకు ఈ నెలలో కొలతలు పంపితిని. ఒత్తు 100 శాతము చాలునని ఈసారి స్పష్టముగా వ్రాసితిని. తెల్లవెంట్రుకలు ఎన్ని కావలెనని వారు అడిగిరి. నల్లజుట్టును తెలుపుచేసిన కొన్నాళ్లకు పసుపుబారును గనుక తెలుపునకు తరచు కృత్రిమపు పోగులో, జడలబర్రె వెంట్రుకలో వేయుదురట. అమ్మను ఫోనులో అడిగితిని. "చెవుల దగ్గర నీకు ఎన్నున్నాయో లెక్కపెట్టు, అన్నే వెయ్యమను" అనెను. నూటికి పది అని వ్రాసి పంపితిని.