పొరుగువారి బాండు కాగితములు

పరుల పొరపాటులను చూచి నేర్చుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. కాని ధనవిషయమున మనకు కనబడునది పరుల నష్టమే గాని పొరపాటు గాదు. సొమ్ము పోయిననాటి దుఃఖము వీధికంతకు వినబడును. సొమ్ము కట్టిననాటి ఆలోచన ఆ గృహస్థునకు మాత్రమే తెలియును. నేర్వదగినదంతయు ఈ రెండవదానియందే కలదు.

మాకు వరుసకు బాబాయి యగు నొక వృద్ధుడు మా అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో చిరకాలము కొనుగోలు చేసినవాడు. రంగు చూచి, దిమ్మ అంచు గిల్లి, పలుకు నోట వేసుకొన్న పిదప గాని ధర చెప్పనివాడు. అట్టివాడు ఒక డిపాజిట్ల కంపెనీకి నెలనెలా కట్టి నష్టపోయెను. ఆయన ఇనుపపెట్టె అడుగున, పాలిథిన్ సంచిలో, ఆ బాండ్లు నేటికిని ఉన్నవి. రసీదులను గుచ్చిన గుండుసూదులు తుప్పుపట్టి కాగితములపై మరకలు కట్టినవి. ఊరివారందరు దురాశ దుఃఖమునకు చేటని తీర్పు చెప్పి తృప్తిపడిరి. ఆ తీర్పు తప్పు. అంతకుమించి క్రూరము, ఏలయన అది నష్టపోయినవాని నోరు మూయించును, ఆ నోటినుండి రావలసిన పాఠము ఎవరికిని దక్కకుండ చేయును.

ఏల కట్టితిరని నేనడుగగా ఆయన, "ఎవడో వస్తే ఇత్తానేటి బాబూ? మనోడే వచ్చాడు. మొదటిసారి గడువు రోజుకే అణా పైసలతో తెచ్చి చేతిలో పెట్టాడు" అనెను. ఏజెంటు మేనల్లుడు, అతడును తన సొమ్ము అందే పెట్టి పోగొట్టుకొన్నవాడు. బంధుత్వమును, వేళకు అందిన ఆ తొలి చెల్లింపును ఆయనను నమ్మించినవి గాని, వడ్డీ కాదు.

ఇట్లు నష్టపోయినది బాబాయి ఒక్కడే కాడు. 2015 నాటికి బయటపడిన అగ్రిగోల్డ్ వ్యవహారమున పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షల మంది చిక్కుకొనిరి. స్థలమిత్తుమని, లేనిచో అధికమొత్తము తిరిగి ఇత్తుమని చెప్పి ఆ సంస్థ వసూలుచేసినది ఆరువేల కోట్లకు పైమాటే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో పదివేల లోపు వారికి, 2021లో ఇరువదివేల లోపు వారికి ఖజానానుండి చెల్లించెను. ఇన్ని లక్షలమందియు అత్యాశాపరులే యనుట సబబా?

తరువాత కొంతకాలమునకు మరియొక సంస్థ తరపున ఒక పరిచితుడు మా అరుగుమీదకు వచ్చి, అధిక వడ్డీ మాట ఎత్తినప్పుడు, కంపెనీ చేతులెత్తివేసిన యెడల చెల్లించువారెవరని మాత్రమే అడిగితిని. అతడు తొలి చెల్లింపులు పొందినవారి పేర్లు చెప్పసాగెను. బాబాయి చెప్పినది వినియుండనిచో ఆ పేర్లే నాకు చాలియుండెడివి.

చెల్లించువారెవరను ఆ ప్రశ్నకు బ్యాంకులయందు జవాబు కలదు: బ్యాంకు డిపాజిట్లకు బీమా కలదు. 1993 నుండి లక్ష రూపాయలుగా నున్న ఆ పరిమితి 2020 ఫిబ్రవరి 4న ఐదు లక్షలాయెను. 2001లో హైదరాబాదు కృషి సహకార బ్యాంకు కూలిన కాలమున, లక్షకు మించి దాచినవారికి ఆ పైమొత్తమునకు బీమా అండ లేదు. ప్రైవేటు డిపాజిట్ల కంపెనీలకు ఆ బీమా వర్తింపనే వర్తింపదు. గ్రామములలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకును లేదు. ఈ పరిమితి ఒక్కొక్క బ్యాంకునకు, ఒక్కొక్క మనిషికి, అసలు వడ్డీ కలిపి లెక్క. ఒకే బ్యాంకు రెండు శాఖలలో దాచినను రెండింతలు కాదు. కావుననే మా ఇంటి సొమ్మును వేర్వేరు బ్యాంకులలో, ఒక్కొక్కచోట నాలుగున్నర లక్షలు దాటకుండ ఉంచి, వడ్డీని ఏడాదికేడాది తీసుకొనుచున్నాను.